పీవీ ఎందుకు ఆగారు? జులై 1992లోనే ఉంది జవాబు

అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ జరిగి మూడు వారాలు తిరగకముందే, 2024 ఫిబ్రవరి 9న, పీవీ నరసింహారావుకు భారతరత్న ప్రకటించడంతో పాత ప్రశ్న మళ్లీ రాజుకుంది: ప్రధానిగా ఆయన బాబ్రీ మసీదును కాపాడలేకపోయారా, కాపాడలేదా? దీనికి పీవీ తానే సమాధానం రాసిపెట్టారు. తన తదనంతరమే వెలువడాలని ఆయన కోరుకున్న అయోధ్య గ్రంథం 2006లో అచ్చయింది.

చర్చ అంతా మసీదు కూలిన 1992 డిసెంబర్ 6 చుట్టూనే తిరుగుతోంది గాని, మలుపు అంతకుముందు జులైలోనే పడింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సేకరించిన 2.77 ఎకరాల్లో శాశ్వత నిర్మాణాలు కూడదన్న కోర్టు ఉత్తర్వులను లెక్కచేయకుండా కరసేవకులు (రామాలయ నిర్మాణానికి స్వచ్ఛందంగా శ్రమదానం చేయవచ్చినవారు) అప్పట్లో కాంక్రీటు వేదిక కట్టసాగారు. పీవీ సాధువులను పిలిపించి మాట్లాడారు, గడువు అడిగారు. ఆ నెల 26న పని ఆగింది. బలగాలను దింపకుండా, ఉత్తరప్రదేశ్‌లోని బీజేపీ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ ప్రభుత్వాన్ని కదపకుండా సాధించిన ఆ ఫలితమే, డిసెంబర్‌లోనూ మాటలతోనే గండం గట్టెక్కవచ్చన్న నమ్మకాన్ని ఆయనలో స్థిరపరచిందనుకోవాలి.

డిసెంబర్ 6న కరసేవ తప్పదని విశ్వ హిందూ పరిషత్ అక్టోబర్ నెలాఖరులో ప్రకటించింది. నవంబర్ 23న జాతీయ సమైక్యతా మండలి, బీజేపీ గైర్హాజరీలో, అవసరమైన ఏ చర్యకైనా ప్రధానికి మద్దతు పలికింది. కట్టడాన్ని కేంద్ర బలగాల అధీనంలోకి తెచ్చే ప్రణాళికను హోం కార్యదర్శి మాధవ్ గోడ్బోలే అప్పటికే సిద్ధం చేశారు. రాష్ట్రపతి పాలన పెట్టి దాన్ని అమలు చేసి ఉంటే కూల్చివేత జరిగేది కాదన్నది ఆయన వాదన.

పీవీ వాదన వేరు. రాష్ట్రపతి పాలనకు వీలిచ్చే రాజ్యాంగ 356వ అధికరణం జరిగిపోయిన వైఫల్యానికే గాని జరగబోయేదానికి వర్తించదని, శాంతిభద్రతలు రాష్ట్రానివని, కట్టడానికి హాని జరగనివ్వబోమని లిఖితపూర్వకంగా హామీ ఇచ్చిన ప్రభుత్వాన్ని ఏ కారణం చూపి తొలగించాలని ఆయన ప్రశ్న. ఆ హామీ మీదనే సుప్రీంకోర్టు కూడా నవంబర్ 28న నామమాత్రపు కరసేవకు అనుమతించి, పరిశీలకుడిగా ఒక జిల్లా జడ్జిని పంపింది. డిసెంబర్ 1న గవర్నర్ బి. సత్యనారాయణరెడ్డి (ఆయనా తెలంగాణవారే, పైగా వీపీ సింగ్ హయాంలో నియమితులైనవారు) ఈ దశలో ప్రభుత్వాన్ని రద్దు చేయడం తగదని కేంద్రానికి రాశారు. అత్యున్నత న్యాయస్థానం నమ్మిన మాటను ప్రధాని నమ్మడం నేరమెలా అవుతుందన్నది తేలిగ్గా కొట్టిపారేయగల ప్రశ్న కాదు.

అయితే, గవర్నర్ నివేదిక అందినప్పుడు "లేదా మరో విధంగా" తెలిసినప్పుడు కూడా రాష్ట్రపతి పాలన విధించవచ్చని ఆ అధికరణమే చెబుతోంది. అయోధ్య పక్కనే ఉన్న ఫైజాబాద్‌లో కేంద్ర బలగాలు సిద్ధంగానే ఉన్నాయి. ఈ చిక్కు పీవీ వాదనలో మిగిలే ఉంది. కూల్చివేతను ఆపలేకపోవడం ఆయన పెద్ద వైఫల్యాల్లో ఒకటని ప్రణబ్ ముఖర్జీ తన స్మృతుల్లో రాశారు.

జులై నాటి వేదిక విషయంలో కోర్టు ధిక్కారానికి కల్యాణ్ సింగ్‌కు 1994లో పడిన శిక్ష ఒక్కరోజు జైలు, 2,000 రూపాయల జరిమానా. కూల్చివేతపై విచారించి 2009లో పార్లమెంటు ముందుకు వచ్చిన లిబర్హాన్ కమిషన్ నివేదిక, గవర్నర్ సిఫార్సు లేకుండా కేంద్రం చేయగలిగింది లేదన్న పీవీ వాదనకే మొగ్గింది. అప్పుడు అధికారంలో ఉన్న కాంగ్రెస్ మాత్రం తమ ప్రధాని తరఫున ఆ నివేదికను గట్టిగా వినిపించలేదు.