మ్యూజిక్ లేని సీడీ గురించి

చిన్నూ, అమ్ములూ,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు నా బీరువాలోని పాత సీడీ పెట్టుకుని విన్నారు గుర్తుందా? రెండు పాటలయ్యాక చిన్నూ వంటింట్లోకి వచ్చి, "అమ్మమ్మా, ఇది పాడైపోయినట్టుంది, గొంతులే వస్తున్నాయి, మ్యూజిక్ రావట్లేదు" అన్నాడు. పొయ్యి మీద పులుసు ఉండి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ సీడీ పాడవలేదు నాన్నా. అందులో ఉన్నవి గొంతులే.

అవి ఫిలిప్పీన్స్ వాళ్ల భక్తిపాటలు. మనీలా మహానగర ప్రాంతంలోని అతెనియో యూనివర్సిటీ విద్యార్థులతో మొదలైన హంగాద్ అనే బృందం పాడింది. హంగాద్ అంటే వాళ్ల భాషలో ఆకాంక్ష. ఇలా ఒక్క వాయిద్యం కూడా లేకుండా పాడటాన్ని అకపెల్లా అంటారు. ఇటలీ మాట, ప్రార్థనా మందిరంలో పాడే పద్ధతి అని అర్థం.

మన గుడిలో భజనైనా, చర్చిలో కీర్తనైనా అందరం ఒకే వరస పాడతాం. హార్మోనియం శ్రుతి పట్టుకుంటే డోలక్ నడక చూసుకుంటుంది. ఈ సీడీలో అలా కాదు. ఆడవాళ్లలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో, మగవాళ్లలో పైది టెనర్, కిందిది బేస్. నాలుగూ నాలుగు వేర్వేరు వరసలు ఒకేసారి పాడతాయి. హార్మోనియం చేయాల్సిన పని కూడా గొంతులే చేయాలి. మొదట్లో ఒక్కసారి స్వరం అందుకుంటారు, అంతే. ఆ తర్వాత శ్రుతి కొంచెం జారినా పట్టి నిలబెట్టేదేమీ ఉండదు. ఒకరు జారితే పక్కవాళ్లూ జారతారు, పాట పూర్తయ్యేసరికి అందరూ కలిసి అరమెట్టు కిందికి దిగిపోతారు. అందుకే అక్కడ పాడటం కన్నా పక్కవాళ్ల గొంతు వింటూ ఉండటం కష్టం.

మూడో పాటలో ఒక చోట స్వరం ఎంతసేపటికీ తెగకుండా సాగుతుంది. అమ్ములు "వీళ్లకి ఊపిరి ఆడదా?" అని అడిగిన చోటు అదే. ఆడుతుంది తల్లీ. అందరూ ఒకేసారి పీల్చరు. నువ్వు పీల్చేటప్పుడు నీ పక్కామె పాడుతుంది, ఆమె పీల్చేటప్పుడు నువ్వు మోస్తావు. ఎవరు ఎప్పుడు ఆగారో బయటికి తెలియదు. నాకు ఈ సీడీలో అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే.

వాళ్లకు ఈ పాటలు సొంత భాషలో దొరికి ఎంతో కాలం కాలేదు. 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ పాలన, చర్చిలో పూజ మాత్రం లాటిన్‌లో. 1963లో కేథలిక్ చర్చి పెద్దల వాటికన్ మహాసభ ప్రజల భాషలకు చోటిచ్చాక, జెస్యూట్ అనే కేథలిక్ సంఘానికి చెందిన ఎడ్వర్డో హొంతివేరోస్ అనే ఫాదర్ వాళ్ల భాష తగలోగ్‌లో పాటలు కట్టడం మొదలుపెట్టారు. మామూలు జనం పాడుకోగలిగే పాటలు. అయితే వాయిద్యం లేని పాట వాళ్లకు అంతకు ముందే తెలుసు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల వారంలో క్రీస్తు కథను ఇళ్లల్లో వంతులవారీగా, ఆపకుండా గంటల తరబడి రాగం తీసి చదువుతారు. పబాసా అంటారు. మన ఊళ్లో ఏకాహం భజన చేస్తారు చూడండి, అలాగే.

ఆ సీడీ నా చేతికెలా వచ్చిందో కూడా చెప్పాలి. గల్ఫ్‌లో నర్సుగా చేసినప్పుడు మా క్వార్టర్స్‌లో సగం మంది ఫిలిప్పీన్స్ అమ్మాయిలే. నన్ను ఆతే అని పిలిచేవాళ్లు, అక్క అని. ఒక రాత్రి వాళ్లలో ఒకమ్మాయికి తల్లి పోయిందని ఫోన్ వచ్చింది. వెంటనే వెళ్లడానికి సెలవు దొరకలేదు. పక్క గదుల్లో నైట్ డ్యూటీ చేసి వచ్చినవాళ్లు నిద్రపోతున్నారు, గిటార్ తీస్తే లేస్తారు. ఐదుగురు ఆమె మంచం చుట్టూ చేరి, గొంతు బాగా తగ్గించి పాడారు. 'హిందీ కితా మలిలిమూతన్' అనే పాట. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

హిందీ అన్నది అక్కడ భాష పేరు కాదు, 'కాదు, లేదు' అని చెప్పే మాట. మలిలిమూతన్ అంటే మరచిపోవడం. మధ్యలో ఉన్న 'కితా' చూడండి, 'నేను నిన్ను' అన్న రెండూ ఆ చిన్న మాటలోనే ఉన్నాయి. మొత్తం కలిపితే 'నేను నిన్ను మరువను'. తల్లి తన చంటిబిడ్డను మరిచినా నేను నిన్ను మరువనని యెషయా గ్రంథంలో దేవుడు చెప్పే మాట, 49వ అధ్యాయంలో ఉంది. తల్లి పోయిన పిల్లకు వాళ్లు ఆ పాటే ఎందుకు ఎంచుకున్నారో మరునాడు అర్థం తెలిశాక నాకు ఏడుపు ఆగలేదు. పాట మధ్యలో వాళ్లలో ఒకామె గొంతు పూడుకుపోయి ఆపేసింది. మిగతావాళ్లు ఆపలేదు. ఆమె వరసను పక్కనున్నామె అందుకుంది. కాసేపటికి ఆపేసినామె మళ్లీ వచ్చి కలిసింది.

నేను ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు ఆ తల్లి పోయిన అమ్మాయే ఈ సీడీ నా పెట్టెలో పెట్టింది.

తగలోగ్‌లో మనకు తెలిసిన మాటలూ దొరుకుతాయి. ముఖాన్ని ముఖా అంటారు, టీచర్‌ని గురో, ఆశను పగాసా. సంస్కృతం ఎప్పుడో సముద్రం దాటి వెళ్లింది. ఈసారి వినేటప్పుడు చెవి పెట్టి పట్టుకోండి.

ఈలోగా మీరిద్దరూ ఒక పని చేయండి. ఎదురెదురుగా కూర్చుని ఒకే స్వరంలో 'ఆ' అనండి. అమ్ములు ఊపిరి తీసుకునేటప్పుడు చిన్నూ ఆపకూడదు, చిన్నూ తీసుకునేటప్పుడు అమ్ములు ఆపకూడదు. ఇద్దరూ ఒకేసారి ఆగిపోతే మళ్లీ మొదటినుంచి. ఒక నిమిషం తెగకుండా నిలబెట్టగలిగితే నాకు ఫోన్ చేసి వినిపించండి. దసరాకి వచ్చినప్పుడు నేనూ కింది గొంతులో కలుస్తాను.

మీ
అమ్మమ్మ