గరుడ సేవ రాత్రి ఏ కాల్ ముందు కలవాలి?

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడ సేవ. మాడవీధుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, కాల్ మాత్రం కలవదు. టవర్ మాట ఫోన్‌కి బాగా వినపడుతోందనే ఆ గీతలకు అర్థం. టవర్‌లో చోటు ఉందో లేదో వాటికి తెలీదు.

చోటు లెక్క ఎర్లాంగ్ సూత్రంతో కడతారు. 30 లైన్లకు 20 ఎర్లాంగ్‌ల తాకిడి (అంటే సగటున ఒకేసారి 20 కాల్స్ నడిచేంత రద్దీ) ఉంటే నూటికి ఒక కాల్ కూడా వెనక్కి పోదు. తాకిడి 30కి చేరితే 13 పోతాయి. కలవనివాళ్లు మళ్లీ మళ్లీ నొక్కుతారు కాబట్టి అసలు పరిస్థితి ఇంతకంటే అధ్వానం. ఈ గందరగోళంలోనే 112కి చేసిన కాల్, పోలీసుల కాల్ కలవాలి.

మొదటి అడ్డుకట్ట టవర్ బయటే. ప్రతి సిమ్‌లో 0 నుంచి 9 లోపు ఒక యాక్సెస్ క్లాస్ (ఆ ఫోన్ ఏ వర్గానిదో టవర్ చూసే అంకె) ఉంటుంది. భద్రతా దళాలకు 12, అత్యవసర సేవలకు 14 ప్రత్యేకం. 4జీలో రద్దీ ముదిరితే మామూలు ఫోన్లను కొంతసేపు ఆగమంటారు. ఆ గడువు 4 సెకన్ల నుంచి 512 సెకన్ల దాకా పెట్టొచ్చు. అత్యవసర కాల్స్‌ను ఆపడానికి వేరే బిట్ (ఆన్-ఆఫ్ మీట లాంటిది) ఉంది. అది పొరపాటున పడిందా, 112 కూడా ఆగిపోతుంది. రద్దీ మొదలయ్యాక కాదు, ముందే చూసుకోవాల్సింది దాన్ని.

లోపలికొచ్చాక నడిచేది ఏఆర్‌పీ, అంటే చోటు ఎవరికివ్వాలి, ఎవరికి ఉంచాలి అని చెప్పే ప్రాధాన్యం. 1 నుంచి 15 వరకు అంకెలు, 1 అన్నిటికంటే పెద్దపీట. చాలామంది అంకె పెట్టి ఊరుకుంటారు, చిక్కంతా అక్కడే. దాని పక్కన రెండు జెండాలుంటాయి: ఇంకొకరిని లేపే హక్కు ఉందా, తనను ఎవరైనా లేపొచ్చా. ఆర్టీసీ బస్సులో రిజర్వేషన్ చేతిలో ఉన్నా, కూర్చున్నవాడు లేవనక్కర్లేదని రాసిపెడితే నిలబడాల్సిందే కదా!

అందుకే స్విచ్‌లో మొత్తం కాల్స్ సఫలతా శాతం చూసి సంబరపడకూడదు. మామూలు కాల్స్ వేలల్లో, ప్రాధాన్య కాల్స్ పదుల్లో ఉంటాయి. పది పోయినా ఆ శాతం కదలదు. ప్రాధాన్య తరగతి ప్రయత్నాలు, వైఫల్యాలు విడి కౌంటర్లలో చూడాలి. సెల్ నిండిపోయి, ప్రాధాన్య కాల్స్ పోతూ, ‘తొలగించిన కనెక్షన్లు’ సున్నా చూపిస్తుంటే ముందు ఆ జెండాలనే అనుమానించాలి. కౌంటర్లు 15 నిమిషాలకోసారి నమోదవుతుంటే, వాహనం కదిలిన ఐదు నిమిషాల తాకిడి ఆ సగటులో కొట్టుకుపోతుంది. ఆ రాత్రికి వ్యవధి తగ్గించుకోవడం మంచిది.

టవర్ దాటాక ఇంకో మోసం ఉంది. వాయిస్ ప్యాకెట్లకు సాధారణంగా డీఎస్‌సీపీ 46 అనే ముద్ర (వీటిని ముందు పంపమని రౌటర్లకు చెప్పే అంకె) వేస్తారు. దారిలో ఏ రౌటరైనా దాన్ని నమ్మకుండా 0 చేస్తే, అక్కడినుంచి కాల్ కూడా వీడియోల వరుసలోనే నిలబడుతుంది. పట్టుకోవడం తేలికే. ఒక టెస్ట్ కాల్ నడుస్తుండగా ఒక్కో రౌటర్‌లో వాయిస్ క్యూ కౌంటర్ చూడండి. ఏ రౌటర్‌లో అంకె పెరగడం మానేసిందో, ముద్ర పోయింది అక్కడే, లేదా దానికి ముందే.

ఉత్సవాలయ్యాక పెట్టిన ఆంక్షలు తీసేయడం కూడా ఈ పనిలో భాగమే. మర్చిపోతే జనం కొండ దిగాక, ఖాళీ టవర్ కింద కూడా కాల్స్ ఆగుతుంటాయి. లోడ్ తక్కువగా ఉంది కాబట్టి ఏ అలారమూ మోగదు.