గెలిచినవాళ్ళ ఖర్చు ఎవరిస్తారు?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ఎదురింటి అత్తయ్య స్థలం దావా గెలిచినా, కేసు కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదని రాశారు. "గెలిచినవాళ్ళ ఖర్చు ఓడినవాళ్ళు ఇవ్వాలి కదా తాతయ్యా?" అని అడిగారు. ఇవ్వాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ చెప్పేది అదే. ఖర్చులు ఇప్పించడం జడ్జిగారి విచక్షణే గానీ, గెలిచినవారికి ఇప్పించకపోతే కారణం రాయాలి. అన్నదమ్ముల ఆస్తి పంపకాల కేసుల్లో మాత్రం "ఎవరి ఖర్చులు వారే భరించాలి" అన్న మాట తరచుగా కనిపిస్తుంది.

అయితే ఖర్చులు అంటే ఏ ఖర్చులు? కోర్టు ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ నా చేతుల మీదుగా ఎన్నో డిక్రీలు, అంటే తీర్పు సారాంశం రాసే పత్రాలు, వెళ్ళాయి. డిక్రీ చివర ఒక పట్టిక ఉంటుంది. వాదికి ఒక వరస, ప్రతివాదికి ఒక వరస. దావా కాగితం మీద కట్టిన కోర్టు ఫీజు, వకాలత్ (లాయరును పెట్టుకున్నట్టు ఇచ్చే కాగితం) మీద స్టాంపు, సమన్లు పంపడానికి కట్టిన బత్తా (ఖర్చుల కింద కట్టే డబ్బు), సాక్షుల బత్తా, కోర్టు పంపిన కమిషనర్ వచ్చి స్థలం చూసి ఉంటే ఆయన ఫీజు, ప్లీడరు ఫీజు. ఒక్కొక్కదాని ఎదుట రూపాయలు వేసి, కింద మొత్తం కడతారు. ఓడినవాళ్ళు ఇవ్వాల్సింది ఆ మొత్తమే.

ఆ పట్టికలో ప్లీడరు ఫీజు గడిని జాగ్రత్తగా చూడండి. అత్తయ్య లాయరుగారికి నిజంగా ఇచ్చిన డబ్బు అందులో ఉండదు. దావా విలువను బట్టి నిబంధనలు కట్టే లెక్క ఒకటుంది, ఆ మేరకే పడుతుంది. అది కూడా, ఫీజు ముట్టినట్టు లాయరుగారు సర్టిఫికెట్ దాఖలు చేస్తేనే. వాయిదా వాయిదాకూ పెట్టుకున్న బస్సు చార్జీలు, పోగొట్టుకున్న కూలి, జిరాక్సులు, గుమస్తాకు ఇచ్చినవి ఏ గడిలోనూ ఉండవు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. వాస్తవంగా అయిన సమంజసమైన ఖర్చులే ఇప్పించాలని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కింది కోర్టుల్లో అది ఇంకా పూర్తిగా అమలు కాకపోవడం నాకు బాధగానే ఉంది. అబద్ధమని తెలిసి కూడా దావా వేసినవారి మీద 35ఏ సెక్షన్ కింద వేసే పరిహారానికి, మామూలు సివిల్ కేసుల్లో 1976 నాటి సవరణ చట్టం పెట్టిన పరిమితి 3,000 రూపాయలు. దొంగ దావా వేసేవాడు ఆ మొత్తానికి భయపడతాడా?

ఇక లాయరు ఫీజు. ఎంత తీసుకోవాలన్నది లాయరుకూ కక్షిదారుకూ మధ్య ఒప్పందం. అనుభవం ఉన్నవారు ఎక్కువ అడుగుతారు, అందులో తప్పు లేదు. కానీ "గెలిస్తే వచ్చేదాంట్లో ఇంత శాతం నాది" అనడం మన దేశంలో కుదరదు. లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ నిబంధనలే దాన్ని నిషేధించాయి. 2017లో తెలంగాణ నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒకావిడకు పరిహారం వస్తే, లాయరు అందులో శాతం లెక్కన ఫీజు అడిగి చెక్కు తీసుకున్నారు. ఆ చెక్కు చెల్లకపోయేసరికి ఆవిడ మీదే కేసు పెట్టారు. అలాంటి ఫీజు చట్టం ముందు నిలవదని చెప్పి సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు తన దగ్గరే అట్టిపెట్టుకునే హక్కు కూడా లాయరుకు లేదని అదే కోర్టు 2000లో తేల్చింది. బాకీ కోసం దావా వేసుకోవచ్చు, కేసు కాగితాల కట్ట మాత్రం ఇచ్చేయాలి. అందుకే మొదటి రోజే ఫీజు ఎంతో, అందులో ఏమేమి కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోవాలి. ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

మీ ఉత్తరం చదివి నేను ఎక్కువ నొచ్చుకున్నది వేరే విషయానికి. అత్తయ్యకు అసలు ఫీజు లేకుండానే లాయరును పెట్టించే వీలుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా దీనికి అర్హులు. కోర్టు ఫీజు, బత్తా కూడా ఆ సంస్థే చూసుకుంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే దాని ఆఫీసు ఉంటుంది, ఫోను నంబరు 15100. ఈ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ప్రతివాది అప్పీలుకు వెళ్తే ఇప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పోలీసు కేసుల్లో అయితే ప్రభుత్వం తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదిస్తారు కాబట్టి ఫిర్యాదు చేసినవారు లాయరును పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

కేసులను రాజీతో తేల్చే లోక్ అదాలత్‌లో ఒప్పందం కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇచ్చేస్తారు. అక్కడి అవార్డు (రాజీ మీద ఇచ్చే తీర్పు) మీద అప్పీలు ఉండదు. కనుక సంతకం పెట్టే ముందు ప్రతి షరతూ చదివించుకుని వినాలి, అర్థం కాకపోతే మళ్ళీ చదవమనాలి.

మీ తాతయ్య