త్రిశూలం మొన మీద బొంబాయి ముద్ర

నాణేల సేకరణ మొదలుపెట్టిన కొత్తలో చాలామందిని ఆకట్టుకునే వెండి బిళ్ల ఒకటుంది: బ్రిటిష్ ట్రేడ్ డాలర్, అంటే తూర్పు దేశాలతో వ్యాపారం కోసం కొట్టిన డాలర్. ఒక చేత్తో త్రిశూలం, ఇంకో చేత్తో డాలు పట్టుకుని నిలబడ్డ బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా గీసే స్త్రీమూర్తి), వెనక దూరంగా ఓడ, అటూ ఇటూ ‘వన్ డాలర్’ అన్న అక్షరాలు. తిప్పి చూస్తే మధ్యలో దీర్ఘాయుష్షుకు చైనా వాళ్లు వాడే గుర్తు, దాని చుట్టూ చైనా అక్షరాల్లోనూ, అరబిక్ తరహా లిపిలో మలయ్ భాషలోనూ విలువ. రాజు తల లేదు, దేశం పేరూ లేదు. భూతద్దం పెట్టి త్రిశూలం నడిమి మొన చూస్తే చిన్న ‘బి’ అక్షరం కనిపిస్తుంది. అది బొంబాయి టంకశాల గుర్తు.

బొంబాయిలో డాలర్లు ఎందుకు కొట్టారు? చైనా వ్యాపారులు బొమ్మను నమ్మేవారు కాదు, వెండిని నమ్మేవారు. మొదట స్పెయిన్ డాలర్లు, ఆ తర్వాత మెక్సికో డాలర్లు తూర్పు రేవుల్లో పాతుకుపోయాయి. వాటిని పక్కకు నెట్టాలని హాంకాంగ్‌లో 1866లో టంకశాల పెట్టి, నష్టాలొచ్చి రెండేళ్లకే మూసేశారు. ఆ యంత్రాలను జపాన్ కొనుక్కుంది. 1873లో అమెరికా కూడా ఎగుమతి కోసమే 420 గ్రెయిన్ల, అంటే 27.2 గ్రాముల, ట్రేడ్ డాలర్ తెచ్చింది. వెండి ధర పడిపోయేసరికి అవి తిరిగి అమెరికా బజార్లోకే వచ్చిపడి జీతగాళ్లను ముంచాయి. యజమానులు తక్కువకు కొని, ముఖ విలువకు కూలీగా ఇచ్చేవారు.

1890లలో తూర్పున మెక్సికో డాలర్లకు కటకట వచ్చింది. సరిగ్గా అప్పుడే, 1893లో, జనం తెచ్చిన వెండిని రూపాయలుగా కొట్టివ్వడం భారత ప్రభుత్వం ఆపేసింది. టంకశాలలకు పని తగ్గింది. అలా 1895 నుంచి బొంబాయిలో, కొంతమేర కలకత్తాలో, ఈ డాలర్ల ముద్రణ మొదలైంది. బరువు 26.95 గ్రాములు, నూటికి తొంభై పాళ్లు వెండి. హాంకాంగ్‌తో పాటు సింగపూర్, పెనాంగ్‌లలోనూ చెల్లేది. 1903లో సింగపూర్, పెనాంగ్‌లకు సొంత డాలర్ వచ్చేదాకా, మన కోస్తా జిల్లాల నుంచి మలయా తోటలకు వెళ్లిన వాళ్లు చూసిన డాలర్లలో ఇదీ ఒకటి.

ఈ నాణేల మీద చిన్న చిన్న గాట్లు, చైనా అక్షరాల ముద్రలు కనిపిస్తే కొందరు మొహం చిట్లిస్తారు. నాకైతే అవే ఇష్టం. డబ్బు చేతికి రాగానే తూచి, మోగించి, ‘ఇది మంచిదే’ అని వ్యాపారో షరాబో కొట్టిన ముద్ర అది. దాన్ని చాప్ అంటారు. మన ఊళ్లలో నాణేల మంచి చెడ్డలు చూసిన షరాబు, హాంకాంగ్ ‘ష్రాఫ్’ ఒకే మాట నుంచి పుట్టినవి. అక్కడ ఇవాళ్టికీ పార్కింగ్ డబ్బులు కట్టే కౌంటర్ మీద ఆ మాట ఉంటుంది. అమెరికా 1887లో తన ట్రేడ్ డాలర్లను వెనక్కి తీసుకున్నప్పుడు చాప్ పడ్డవాటికి డబ్బివ్వలేదు. ఆ మచ్చల నాణేలే ఇప్పుడు సేకర్తలు ప్రత్యేకంగా వెతుక్కునే రకం.

అరుదుదనం సంగతికొస్తే, ఎన్ని కొట్టారన్న అంకె చూసి మోసపోకూడదు. 1921లో బొంబాయిలో కొట్టిన 50,211 నాణేలు చెలామణిలోకే రాలేదు. 1935లో 68 లక్షలకు పైగా కొట్టినా, ఆ ఏడాది నాణెం దొరకడం గగనం. ఎందుకంటే 1934లో అమెరికా పెద్ద ఎత్తున వెండి కొనడం మొదలుపెట్టగానే ధర ఎగబాకి, చైనా నుంచి వెండి బయటికి పోయింది. 1935 చివర్లో చైనా, హాంకాంగ్ రెండూ వెండిని వదిలేశాయి. కొత్త డాలర్లు చాలామటుకు మళ్లీ కొలిమిలోకే వెళ్లాయి.

నకిలీలు చేసేవాళ్లకూ ఈ లెక్కలు తెలుసు. ఒకసారి సంతలో మెరిసిపోతున్న డాలర్ కొని, ఇంటికొచ్చి తూస్తే 22 గ్రాములే తూగింది. రెండు రోజులు మనసు మనసులో లేదు. అప్పట్నుంచి జేబులో చిన్న త్రాసు లేకుండా బయల్దేరను. బరువు, 39 మిల్లీమీటర్ల వ్యాసం, అంచు గీతలు, మోత: ఈ నాలుగూ చూశాకే ధర అడుగుతాను.

తాతల పెట్టెలో ఇది దొరికిన ప్రవాసులు ఇంకొకటి తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని మామూలు మనుషులు దేశం దాటించడం నేరం. 1895 నాటి డాలర్ ఎప్పుడో ఆ గీత దాటేసింది. మిగతా సంవత్సరాలవీ ఒక్కొక్కటిగా దాటుతున్నాయి.