ఊపిరి వేగం, గుండె నిదానం

నెల్లూరు దగ్గర మా మావయ్య వాళ్ల చేపల చెరువు మీద ఒక వేసవి తెల్లవారుజామున చూసింది ఇప్పటికీ కళ్లలోనే ఉంది. బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. “ఆక్సిజన్ పడిపోయిందిరా, ఏరేటర్ వెయ్యి!” అని మావయ్య గట్టు మీద నుంచి కేకేశాడు.

30 డిగ్రీల మంచినీటిలో లీటరుకు కరిగే ఆక్సిజనే దాదాపు ఏడున్నర మిల్లీగ్రాములు. వెలుతురు లేని రాత్రి నాచు దాన్ని తయారుచేయదు, పైగా చేపలతో పాటు అదీ వాడుకుంటుంది.

ఆ సమయంలో మొప్పలు గబగబా ఆడటం కంటికి కనిపిస్తుంది. కనిపించనిది గుండె. అది మెల్లబడుతుంది! మనకు ఊపిరాడకపోతే గుండె దడదడలాడుతుంది కదా, మరి చేపకెందుకిలా?

మొప్పల్లోని కొన్ని కణాలు ఆక్సిజన్ తగ్గడాన్ని పసిగట్టి, నరాల ద్వారా మెదడుకు కబురు పంపుతాయి. మెదడు మొప్పల కండరాలను తొందరపెడుతుంది. గుండెను మాత్రం వేగస్ నరం ద్వారా నిదానించమంటుంది. ఆ నరం చివర ఊరే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనమే ఈ పని చేస్తుంది. నరం గుండెతో రసాయనం ద్వారా మాట్లాడుతుందని 1921లో కప్ప గుండెలతో చూపినవాడు ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త. నరాన్ని ప్రేరేపించి నెమ్మదింపజేసిన గుండెలోని ద్రవం తగిలితే చాలు, రెండో గుండె కూడా నెమ్మదించింది. 1936లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే అట్రోపిన్‌ను ముందే ఇస్తే, ఆక్సిజన్ తగ్గినా చేప గుండె అలా మెల్లబడదు.

చేప గుండెలోకి వచ్చేది ఒళ్లంతా తిరిగి, ఆక్సిజన్ పంచేసిన రక్తం. చాలా చేపల్లో గుండె కండరం ఎక్కువగా ఆ మిగులుతోనే బతకాలి, అందరికీ వడ్డించి ఆఖరున కూర్చునే ఇల్లాలిలాగా. నిదానంగా కొట్టుకుంటే రక్తం లోపల కాసేపు నిలుస్తుంది, కండరానికి నాలుగు మెతుకులు ఎక్కువ దక్కుతాయి. ఈ నిదానానికి చెప్పే కారణాల్లో నాకు బాగా సబబనిపించింది ఇదే.

వల లాగితే మాత్రం తలవైపు మూత్రపిండం నుంచి అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలోకి దిగి గుండెను ఉరికిస్తుంది, ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అందుకే తేలి ఉన్న చేపల మీద వల వేయకూడదు.

కొరమేను దారి వేరు. పైకొచ్చి గాలే మింగుతుంది. అలా గాలి పీల్చే చేపలు చాలావాటిలో గుక్క తీసుకోగానే గుండె వేగం పెరుగుతుంది. నెల్లూరు మార్కెట్‌లో టబ్బు అడుగున కాసిని నీళ్లలో అది గంటల తరబడి ప్రాణంతో కదులుతుండేది ఈ గాలితోనే.