మృదులాస్థిలో నీరెందుకు పెరుగుతుంది? హెలెన్ మ్యూర్ పరిశోధన

కీళ్లలో ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. అందులో కణాలు చాలా తక్కువ, అవీ దూరదూరంగా ఒంటరిగా ఉంటాయి. అందువల్ల చాలాకాలం దాన్ని దాదాపు జడపదార్థంగానే చూశారు. ఆస్టియో ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బు అంటే వయసుతో వచ్చే అరుగుదల మాత్రమేనని, దాన్ని గురించి చేయగలిగింది పెద్దగా ఏమీ లేదని సరిపెట్టుకున్నారు. ఈ అభిప్రాయాన్ని రసాయనశాస్త్రంతో కదిలించినవారిలో ముఖ్యురాలు 1920లో నైనితాల్‌లో పుట్టిన బ్రిటిష్ జీవరసాయన శాస్త్రవేత్త హెలెన్ మ్యూర్.

ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యం చదవాలని చేరి రసాయనశాస్త్రానికి మారిన ఆమె, 1940లలో అక్కడే రాబర్ట్ రాబిన్సన్ వద్ద పెన్సిలిన్ రసాయనంపై డాక్టరేట్ చేశారు. తరువాత లండన్‌లో ఆల్బర్ట్ న్యూబర్గర్ బృందంలో కొన్నేళ్లు పనిచేసి, 1954లో సెయింట్ మేరీస్ ఆసుపత్రికి వెళ్లాకే మృదులాస్థి ఆమె ప్రధాన విషయమైంది.

మృదులాస్థిలో కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పొడవాటి చక్కెర గొలుసులు ఉంటాయని అప్పటికే తెలుసు. అవి ప్రోటీన్‌కు నిజంగా రసాయన బంధంతో అతుక్కుని ఉంటాయా, లేక పక్కపక్కన చేరి ఉంటాయా అన్నదే తేలలేదు. బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ అనే ఎంజైమ్‌తో ప్రోటీన్‌ను ముక్కలు చేసినా గొలుసులతో పాటు సెరిన్ అనే అమైనో ఆమ్లం మిగిలిపోతోందని గమనించి, బంధం ఉన్నది సెరిన్ వద్దేనని మ్యూర్ 1958లో ప్రతిపాదించారు. చిన్న విషయంలా కనిపించే ఈ ఫలితంతోనే ప్రోటియోగ్లైకాన్ అనే అణువు రూపం తేటపడసాగింది. మధ్యలో ప్రోటీన్ కాడ, దాని చుట్టూ సీసాలు కడిగే బ్రష్షు కుచ్చులా నిలిచిన దాదాపు వంద చక్కెర గొలుసులు.

1966లో ఆమె కెన్నెడీ రుమటాలజీ సంస్థలో జీవరసాయన విభాగాధిపతి అయ్యారు. 1972లో టిమ్ హార్డింగమ్‌తో కలిసి ప్రచురించిన పరిశోధన నా దృష్టిలో ఆమె జీవితకృషిలో అన్నిటికంటే అందమైనది. పంది స్వరపేటిక మృదులాస్థి నుంచి తీసిన ప్రోటియోగ్లైకాన్ల ద్రావణంలో హయలురోనిక్ ఆమ్లం అనే మరో రకం చక్కెర గొలుసును అతి కొద్దిగా కలిపితే చాలు, ద్రావణం చిక్కబడుతోంది. పొడవాటి ఒక్క హయలురోనిక్ గొలుసుకు ఎన్నో ప్రోటియోగ్లైకాన్లు వరుసగా తగులుకుని బృహదణువులుగా మారుతున్నాయి. అంత పెద్దవి కాబట్టే అవి మృదులాస్థిలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల వలలోంచి జారిపోవు. వాటి సల్ఫేట్ సమూహాల రుణావేశం సోడియం అయాన్లనూ, వాటితో నీటినీ లాక్కుంటుంది. ఉబ్బబోయే ఆ పదార్థాన్ని కొల్లాజెన్ వల బిగించి పట్టుకుంటుంది. మెట్లు దిగేటప్పుడు మోకీలుపై పడే బరువును మోసేది ఈ పెనుగులాటే.

మరి వ్యాధిలో జరిగేదేమిటి? అరుగుదలే అయితే మృదులాస్థి మొదటి నుంచీ పలచబడుతూ పోవాలి. కుక్కల మోకాలిలో స్నాయువును తెంచి వ్యాధిని పుట్టించిన ప్రయోగాల్లో మ్యూర్, ఆమె సహపరిశోధకుడు కాహిర్ మెక్‌డెవిట్ చూసింది వేరు. (అలాంటి ప్రయోగాల గురించి చదవడం సుఖంగా ఉండదు, కానీ మనిషిలో వ్యాధి తొలిదశను చూసే వీలు అప్పట్లో లేదు.) పైపొర చీలికలు కంటికి కనబడకముందే మృదులాస్థిలో నీటిశాతం పెరిగింది, ప్రోటియోగ్లైకాన్లు సులువుగా బయటికి రాసాగాయి. అంటే ముందు సడలేది కొల్లాజెన్ వల, దాని పట్టు తగ్గగానే లోపలి పదార్థం నీటిని పీల్చి ఉబ్బుతుంది. కణాలూ ఊరుకోవు, ప్రోటియోగ్లైకాన్ల తయారీని పెంచుతాయి. అది రాపిడికి అరిగే వస్తువు లక్షణం కాదు, దెబ్బకు స్పందించే జీవకణజాల లక్షణం.

1977లో ఆమె రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు, అదే ఏడు కెన్నెడీ సంస్థ డైరెక్టరై 1990 వరకు నడిపారు. బ్రిటన్ వైద్య పరిశోధనా మండలిలో సభ్యత్వం పొందిన తొలి మహిళ కూడా ఆమే.

ప్రోటియోగ్లైకాన్ కాడను కత్తిరించే ఎంజైమ్‌ల కోసం ఇతర ప్రయోగశాలలు సాగించిన వేటలో 1999లో మొదటిది దొరికింది. వాటిలో అడామ్‌టీఎస్-5 పనిచేయని ఎలుకల్లో మృదులాస్థి నష్టం బాగా తగ్గిందని 2005లో తేలింది. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఒక మందును మోకీలు ఆస్టియో ఆర్థరైటిస్ రోగులపై పరీక్షించగా, 2020లో వెలువడిన ఫలితాల్లో అది మృదులాస్థి మందం తగ్గడాన్ని ఆపలేకపోయింది. నరాలు లేని కణజాలం తన తొలి నష్టాన్ని నొప్పిగా చెప్పలేదు గనుక, రోగి ఆసుపత్రికి వచ్చేసరికి కొల్లాజెన్ వల చాలావరకు తెగి ఉండటం ఈ వైఫల్యానికి ఒక కారణం కావచ్చు.