తాడిపత్రి మొండి గోపురాలు

తాడిపత్రి అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది పాలిష్ బండలే. ఆ బండల లారీలను తప్పించుకుంటూ పెన్న ఒడ్డుకు పోతే బుగ్గ రామలింగేశ్వరుడి గుడి కనిపిస్తుంది. లింగం దగ్గర ఊరే నీటి వల్లే స్వామికి బుగ్గ పేరొచ్చింది. ఈ గుడికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి గాలిగోపురాలున్నాయి. రెండూ మొండివే. ఎందుకు ఆగిపోయాయన్నది పాత ప్రశ్న.

తళ్లికోటలో విజయనగరం ఓడింది, పని ఆగింది అనేస్తే తేలిక. కానీ లెక్క కుదరాలి కదా! గండికోట ఏలిన పెమ్మసాని వంశంలోని రామలింగ నాయుడు ఈ గుడిని 1490–1509 మధ్య కట్టించాడని చెబుతారు. తళ్లికోట యుద్ధం 1565లో. నడుమ యాభై ఏళ్లకు పైనే ఉంది. పైగా అదే వంశానికి చెందిన తిమ్మానాయుడు ఆ నడుమనే ఇదే ఊళ్లో చింతల వెంకటరమణ స్వామి గుడి కట్టించాడు. హంపీలో లాగా గరుత్మంతుడికి రాతిరథం, గోడల నిండా రామాయణం చెక్కించిన గుడి అది. డబ్బుకో శిల్పులకో కరువొచ్చిందని కూడా అనలేం.

నన్ను అడిగితే, ఎందుకు ఆపారన్న దానికంటే ఏ పని ఎత్తుకున్నారన్నదే ముందు చూడాలి. ఆ కాలపు గోపురాల్లో కింది భాగం మాత్రమే రాయి. పైన అంతస్తులన్నీ ఇటుక, సున్నం, బొమ్మలు గచ్చువి. కింది రాతి మీద పని కాస్త పొదుపుగానే ఉండేది, చూపంతా పైకి పోతుంది కనుక. ఇక్కడ తలకిందులు. మామూలు గ్రానైటును వదిలి, ఉలికి సన్నగా లొంగే ముదురు రంగు రాయి తెచ్చి, అధిష్ఠానం, అంటే అడుగు పీఠం, మొదలుకొని అంగుళం ఖాళీ లేకుండా చెక్కారు. ద్వారం పక్క స్తంభాన్ని దగ్గరగా చూడండి: తీగ పట్టుకుని నిలబడ్డ స్త్రీ, ఆ తీగ మెలి తిరిగి పైదాకా పోతుంది. గూళ్లకు తోరణాలు, వాటి పైన మళ్లీ చిన్న బొమ్మలు. అయిదొందల ఏళ్ల ఎండావానా తిన్నా అంచుల పదును పోలేదు. దక్షిణాది గుళ్ల మీద తేలిగ్గా మెప్పు కురిపించని బ్రిటిష్ చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ కూడా 1876 నాటి తన భారతీయ కట్టడాల చరిత్ర పుస్తకంలో ఈ పనితనాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

ఇంత ఓపిక కింది అంతస్తుకే పోస్తే పై అంతస్తుల దాకా పని చేరకపోవడంలో వింతేముంది? ఇది నా ఊహే, శాసనం చెప్పింది కాదు.

లేపాక్షికి పోయే జనంలో పదో వంతు కూడా ఇటు రారు. రెండు గుళ్లూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రేపు ఎవరైనా భక్తి కొద్దీ పైన సిమెంటు గోపురం లేపి రంగులేస్తామన్నా పురాతన కట్టడాల రక్షణకు 1958లో చేసిన చట్టం ప్రకారం అనుమతి లేనిదే ఒక్క ఇటుక పెట్టడానికి లేదు. నా మటుకు నాకు అదే మేలు.